మొక్కల దగ్గరికి వెళ్ళిన భౌతికశాస్త్రవేత్త

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ ఆ పని నాకన్నా బాగా చేయగల మిత్రులు చాలామంది ఉన్నారు. నేను వృత్తిరీత్యా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. ముప్పై ఏళ్ళుగా పీడనం, ఉష్ణోగ్రత, కంపనం కొలిచే పరికరాలతోనే నా జీవనం. అందుకని పరికరాలనే నమ్ముకుని బతికిన ఒక పెద్దాయన గురించి రాస్తున్నాను. ఆయన జగదీశ్ చంద్ర బోస్.

అయినా ఒక బడి జ్ఞాపకంతోనే మొదలుపెట్టాలి. మన బడిలో ఎన్.ఎస్. గది బీరువాలో ఆక్సనోమీటరు అని ఒక పరికరం ఉండేది. ఒక కప్పీ, దానికి అతికించిన పొడవాటి ముల్లు, వంపు తిరిగిన స్కేలు, అంతే. మొక్క కొసకు దారం కట్టి, దారాన్ని కప్పీ మీదుగా తీసి, రెండో చివర చిన్న బరువు వేలాడదీస్తే, మొక్క పెరిగినకొద్దీ ముల్లు కదులుతుంది. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఆ కప్పీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎన్.ఎస్. టీచరు గారు పక్క గదిలోంచి పి.ఎస్. మాస్టారిని పిలిపించారు. ఆయన కప్పీ విప్పి, కుట్టుమిషను నూనె వేసి, మళ్ళీ బిగించారు. వెంటనే వెళ్ళిపోకుండా, ముల్లు కదులుతుందేమోనని పీరియడ్ అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. ముల్లు కదలలేదు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఒక గీత దాటింది. సైన్సు ఉపాధ్యాయులిద్దరూ ఒకే పాఠం దగ్గర నిలబడటం నా బడి చదువు మొత్తంలో ఆ ఒక్కసారే చూశాను.

ఆ తరువాత పదో తరగతి అయింది. మన తరం వాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఎం.పి.సి. తీసుకున్నవాళ్ళు ఒక దారి, బై.పి.సి. తీసుకున్నవాళ్ళు ఇంకో దారి. నేను ఎం.పి.సి.లో చేరిన రోజునే నా జీవశాస్త్రం పుస్తకాలు తమ్ముడికి ఇచ్చేశాను. ఇంజనీరుకి ఆకుతో, కణంతో పనేమిటని అనుకున్నాను. యాభై దాటాక గానీ ఆ అభిప్రాయం మారలేదు. ఎందుకు మారిందో చివర్లో చెబుతాను. భౌతికశాస్త్రం చదివినవాడు జీవశాస్త్రం వైపు వెళ్ళవచ్చా, వెళితే ఎలా వెళ్ళాలి అన్న ప్రశ్న నాకు వచ్చినప్పుడు, మళ్ళీ చదివింది బోస్ గారి జీవితాన్నే. అది మొదటి నుంచి చివరి దాకా విజయగాథ కాదు. అందుకే నాకు ఎక్కువగా పనికొచ్చింది.

మనలో చాలామందికి ఆయన గురించి గుర్తున్నది ఒక్క వాక్యం: మొక్కలకు ప్రాణం ఉందని కనిపెట్టిన శాస్త్రవేత్త. ఆ వాక్యం సరికాదు. మొక్కలకు ప్రాణం ఉందని మన అమ్మమ్మలకు కూడా తెలుసు. పొద్దుగూకాక చెట్టు మీద చెయ్యి వేస్తే, అది నిద్రపోతుంది, ఆకు కోయకూడదని కేకలేసేవారు. బోస్ గారు చేసింది వేరే పని. గాయం తగిలినా, వేడి తగిలినా, విషం తగిలినా మొక్కలో ఏం జరుగుతుందో అంకెల్లోకి, గీతల్లోకి తెచ్చే పరికరాలు తయారుచేశారు. అంతకు ముందు ఆయన చేస్తున్న పని రేడియో తరంగాల మీద.

బాల్యం, చదువు

ఆయన 1858 నవంబరు 30న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో పుట్టారు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా పనిచేశారు. ఆ రోజుల్లో అంత హోదా ఉన్నవాళ్ళు పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపేవారు. ఈయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. అక్కడ జగదీశ్‌కు ఒక పక్కన తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు, ఇంకో పక్కన ఒక జాలరి కొడుకు కూర్చునేవారు. పక్షుల గురించి, జంతువుల గురించి, నీళ్ళలో బతికే జీవుల గురించి ఆ పిల్లలు చెప్పిన కబుర్లే తనకు ప్రకృతి మీద ఆసక్తి పుట్టించాయని ఆయన పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు.

కలకత్తా సెయింట్ జేవియర్స్ కాలేజీలో ఫాదర్ లాఫాంట్ అనే బెల్జియం దేశపు గురువు దొరికారు. ఆయన భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలు చేసి చూపిస్తూ చెప్పేవారు. చేతితో చేసి చూడటం బోస్‌కు అక్కడే అలవాటైంది. 1880లో లండన్ వెళ్ళి వైద్యంలో చేరారు. అంతకుముందే పట్టుకున్న జ్వరం వదల్లేదు. శవాలు కోసే గదిలోని వాసనకు అది ఇంకా ముదిరేది. వైద్యం వదిలేసి కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీకి మారారు. అక్కడ భౌతికశాస్త్రంలో లార్డ్ రేలీ, వృక్షశాస్త్రంలో సిడ్నీ వైన్స్, చార్లెస్ డార్విన్ గారి అబ్బాయి ఫ్రాన్సిస్ డార్విన్ ఆయనకు గురువులు. ఆ వయసులో ఆయన్ను ఎం.పి.సి. అనాలో బై.పి.సి. అనాలో మనం తేల్చలేం. అక్కడ ఆ గీత అంత గట్టిగా గీసి లేదు.

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. అదే పనికి ఐరోపావారికి ఇచ్చే జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే ఇచ్చేవారు. ఆయనది తాత్కాలిక నియామకం కనుక అందులోనూ సగమే ఇస్తామన్నారు. బోస్ గొడవ పడలేదు, ఉద్యోగం మానలేదు. జీతం మాత్రం తీసుకోలేదు. మూడేళ్ళు ఒక్క రూపాయి ముట్టకుండా రోజూ పాఠం చెప్పారు. ఈలోగా 1887లో అబలా దాస్‌తో పెళ్ళయింది. ఆవిడ మద్రాసులో వైద్యం చదివిన మనిషి. తండ్రికి వ్యాపారాల్లో అప్పులు మిగిలాయి. అయినా దంపతులిద్దరూ పట్టు వదల్లేదు. చివరికి ప్రభుత్వం పూర్తి జీతాన్ని మొదటి నుంచి లెక్కగట్టి ఇచ్చింది. ఆ డబ్బు తండ్రి అప్పులకు వెళ్ళింది. ఈ మొండితనమే తరువాత ఆయనకు కొన్నిచోట్ల మేలు, కొన్నిచోట్ల కీడు చేసింది.

అయిదు మిల్లీమీటర్ల తరంగాలు

1894లో, తన 36వ పుట్టినరోజున, ఇకపై పరిశోధనకే జీవితం అని ఆయన నిర్ణయించుకున్నారు. కాలేజీలో ప్రయోగశాల లేదు. దొరికింది 24 చదరపు అడుగుల చిన్న గది. పరికరాలు చేసిపెట్టడానికి చదువురాని ఒక రేకుల పనివాడు. హెర్ట్జ్ జర్మనీలో విద్యుదయస్కాంత తరంగాలను చూపించి అప్పటికి ఆరేడేళ్ళే అయింది. హెర్ట్జ్ వాడిన తరంగాలు పొడవైనవి కనుక పెద్ద గది, పెద్ద అద్దాలు కావలసి వచ్చేవి. బోస్ తరంగాన్ని 5 మిల్లీమీటర్ల దాకా కుదించారు. అప్పుడు మొత్తం ప్రయోగం ఒక బల్ల మీద సరిపోయింది. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జనం చూస్తుండగా, గోడల అవతలి గదిలో ఉన్న గంటను తీగ లేకుండా మోగించి, కొద్దిపాటి మందుగుండును పేల్చి చూపించారు. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యసించారు. గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. అది కూడా స్నేహితుల బలవంతం మీద తీసుకున్నదే. ఆయన దాన్ని డబ్బు చేసుకోలేదు.

ఒక చిన్న ప్రయోగం నాకు చాలా ఇష్టం. పంచదార ద్రావణం గుండా వెళ్ళినప్పుడు కాంతి కంపించే తలం కొంచెం తిరుగుతుంది. అణువుల మెలికే దీనికి కారణం. బోస్ జనపనార పోగులను మెలితిప్పి కట్టలుగా చేసి, వాటి గుండా తన తరంగాలను పంపి, అక్కడా తలం తిరగడం చూపించారు. బెంగాల్ పొలాల్లో దొరికే నారతో అణువుకు నమూనా చేశారు. ఆయన మనసు అప్పటికే ఏ దిక్కుకు చూస్తోందో దీన్నిబట్టి నాకు అర్థమవుతుంది.

అలసిపోయిన లోహం

1899 ప్రాంతంలో ఆయన గ్రాహకం ఒక చిక్కు తెచ్చిపెట్టింది. లోహపు రజను, తీగల మధ్య తరంగం తగిలినప్పుడు విద్యుత్తు మారే పరికరం అది. ఆపకుండా వాడుతుంటే దాని స్పందన తగ్గుతూ వచ్చేది. కాసేపు వదిలేస్తే మళ్ళీ కోలుకునేది. మేమైతే ఇలాంటి చోట పరికరం పాడైందని రాసి కొత్తది బిగిస్తాం. ఆయన స్పందన తగ్గే తీరును గీతగా గీశారు. ఆ గీత, ఆపకుండా పనిచేయించిన కండరం అలసిపోయేటప్పుడు వచ్చే గీతలా కనిపించింది. మా ఇంజనీర్లకు లోహపు అలసట కొత్త మాట కాదు. మళ్ళీ మళ్ళీ బరువు పడిన ఇరుసు ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. కానీ బోస్ చూసిన అలసట విశ్రాంతితో పోయేది. ఉద్దీపన ఇచ్చే మందు తగిలితే స్పందన పెరిగేది, విషం తగిలితే అణిగిపోయేది.

లోహం, కండరం చెరో కొసన ఉంటే మధ్యలో ఉన్నది మొక్క. అలా ఆయన మొక్కల దగ్గరికి వచ్చారు. కాలేజీ ఆవరణలోని ఆకులు, కూరల దుకాణంలోని క్యారెట్లు, ముల్లంగి దుంపలు తెచ్చి, గిల్లితే విద్యుత్ స్పందన వస్తుందా అని కొలిచారు. వచ్చింది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తిలోనే కాక, కదలకుండా ఉండే మామూలు మొక్కల్లోనూ వచ్చింది.

1900లో పారిస్‌లో జరిగిన భౌతికశాస్త్ర మహాసభలో ఈ సంగతులు చదివారు. 1901 మే 10న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగాలు చేసి చూపించారు. విన్నవాళ్ళు మెచ్చుకున్నారు. అసలు పరీక్ష జూన్ 6న రాయల్ సొసైటీలో ఎదురైంది. అక్కడ శరీరధర్మశాస్త్రంలో పెద్ద తలకాయ సర్ జాన్ బర్డన్ శాండర్సన్. బోస్ భౌతికశాస్త్రంలో చేసిన పనిని ఆయన పొగిడారు. ఆ పనిలోనే ఉండక ఈ రంగంలోకి రావడం విచారకరమన్నారు. మామూలు మొక్కల్లో అలాంటి స్పందన ఉండదని, తాను ప్రయత్నించినా దొరకలేదని చెప్పారు. పత్రం పేరులోని స్పందన అనే మాటను తీసేసి భౌతికశాస్త్రానికి తగిన మాట పెట్టుకోమని సలహా ఇచ్చారు. ప్రయోగంలో తప్పు చూపిస్తే మారుస్తాను, హోదా చూసి మార్చనని బోస్ జవాబిచ్చారు. ఆ పత్రం అచ్చుకాలేదు. సొసైటీ దస్తావేజుల్లోకి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కీటకాలను పట్టే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క మూసుకునేటప్పుడు విద్యుత్ సంకేతం పుడుతుందని 1873లో కొలిచి చూపించింది ఈ బర్డన్ శాండర్సనే. ఆ సభలో బోస్‌ను వ్యతిరేకించిన రెండోవారు అగస్టస్ వాలర్. మనిషి గుండె విద్యుత్తును ఒంటి పైనుంచి మొదటిసారి నమోదు చేసింది ఆయనే, 1887లో. ఇవాళ ఆసుపత్రిలో మనకు తీసే ఈసీజీకి అది ఆరంభం. అందుకు వాలర్ వాడిన కేశనాళిక ఎలక్ట్రోమీటరును కనిపెట్టినవాడు లిప్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త. అంటే భౌతికశాస్త్రపు పరికరానికి వాళ్ళు తలుపు తీశారు, పరికరం చేసే మనిషికి మాత్రం మూశారు. ఆ మనిషి పాలిత దేశం నుంచి వచ్చినవాడు కావడం కూడా లెక్కలోకి వచ్చే ఉంటుందని నా అనుమానం.

కొన్ని నెలల తరువాత వాలర్ మొక్కల విద్యుత్తు మీద ఆ ఫలితాలే తనవిగా ముందుకు తెచ్చారు. అప్పుడు ఆదుకున్నది కేంబ్రిడ్జి గురువు వైన్స్. ఆయన ఆనాటికి లిన్నియన్ సొసైటీ అధ్యక్షుడు. ముందు చేసింది బోస్ అని విచారణలో తేలింది. 1902లో ఆ సొసైటీయే ఆయన పత్రాన్ని అచ్చువేసింది. వృక్షశాస్త్రం నేర్పిన గురువు లేకపోతే ఆ భౌతికశాస్త్రవేత్త మాట అప్పుడే అణిగిపోయేది. బడి పత్రికలో రాస్తున్నాను కనుక ఈ సంగతి గట్టిగా చెప్పాలనిపించింది.

పరికరాలే సాక్ష్యం

ఆ తరువాత బోస్ తన ఫలితాలను పెద్ద పెద్ద పుస్తకాలుగా రాశారు. ఆ రాతలో సోదరి నివేదిత తోడ్పడ్డారు. రవీంద్రనాథ్ టాగూరు ధైర్యం చెప్పారు, త్రిపుర మహారాజు నుంచి ధనసాయం ఇప్పించారు. కానీ నా కళ్ళకు ఆ పుస్తకాలకన్నా గొప్పవి ఆయన పరికరాలు.

ఒక్కటి వివరిస్తాను. అత్తిపత్తి ఆకు కదిలే బలం చాలా తక్కువ. ఆ ఆకుకు ఒక సన్నని మీట కట్టి, మసి పూసిన గాజు పలక మీద గీత గీయిద్దామంటే, ములికి పలకకు రాసుకునే రాపిడికే ఆకు ఆగిపోతుంది. బోస్ ఏం చేశారంటే, ములికిని ఎప్పుడూ పలకకు ఆనించి ఉంచకుండా, సెకనుకు ఇన్నిసార్లని కంపింపజేశారు. అది తగిలి వదిలి, తగిలి వదిలి చుక్కలు పెడుతుంది. రాపిడి దాదాపు పోయింది. పైగా కంపన వేగం తెలుసు కనుక చుక్కల లెక్కే కాలం లెక్క అయింది. ఒక్క ఉపాయంతో రెండు సమస్యలు తీరాయి. ఇవన్నీ కలకత్తా పనివాళ్ళ చేతుల్లో తయారైనవే. నా వృత్తిలో ఇంతకన్నా అందమైన ఆలోచనలు ఎక్కువ చూడలేదు.

తరువాతది క్రెస్కోగ్రాఫ్. రెండు మీటలను ఒకదాని వెనుక ఒకటి అమర్చి, మొక్క ఎదుగుదలను 10,000 రెట్లు పెద్దది చేసి చూపేది. అది మన బీరువాలో ఉండి ఉంటే, ఆ రోజు గంట కొట్టేలోపే మాస్టారు ముల్లు కదలడం చూసి సంతోషంగా వెళ్ళేవారు.

1914లో అత్తిపత్తి మొక్కలను, తనంత తానే చిట్టి ఆకులు ఊపే టెలిగ్రాఫ్ మొక్కలను ఓడలో ఐరోపాకు తీసుకెళ్ళి ప్రయోగాలు చూపించారు. 1915లో కాలేజీ నుంచి విరమణ పొందారు. 1917లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది నవంబరు 30న, తన పుట్టినరోజున, కలకత్తాలో బోస్ సంస్థను ప్రారంభించారు. అక్కడ కనుగొన్నవి అందరివీ, పేటెంట్లు తీసుకోకూడదు అన్నది దాని నియమం.

1920లో లండన్‌లో వాలర్ మళ్ళీ ఎదురయ్యారు. క్రెస్కోగ్రాఫ్ చూపేది నిజమైన ఎదుగుదల కాదేమోనని టైమ్స్ పత్రికలో సందేహం వెలిబుచ్చారు. బోస్ యూనివర్సిటీ కాలేజీలో అందరి ముందూ ప్రయోగం చేశారు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళు కలిసి చూసి, పరికరం సరిగానే కొలుస్తోందని సంతకాలు పెట్టి అదే పత్రికలో ప్రకటించారు. సంతకాల్లో రేలీ పేరు కూడా ఉంది. గురువు అప్పటికి లేరు. ఆయన అబ్బాయి ఆ సంతకం పెట్టారు. ఆ ఏడాదే బోస్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 19 ఏళ్ళ కిందట ఆయన పత్రాన్ని అటకెక్కించిన సంస్థ అదే.

పొరపాటు ఎక్కడ జరిగింది?

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. కానీ అది సగమే అవుతుంది.

మన సక్షన్ పంపు నీటిని సుమారు పది మీటర్లకు మించి పైకి లాగలేదు. మరి అంతకు ఎన్నో రెట్లు ఎత్తున్న చెట్టు కొసకు నీళ్ళు ఎలా ఎక్కుతున్నాయి? జీవశాస్త్ర పుస్తకాల్లో దీన్నే ద్రవోద్గమం అంటారు. బోస్ దీనికి తనదైన జవాబు చెప్పారు. కాండంలో ఒక పొరలోని సజీవ కణాలు గుండెలా కొట్టుకుంటూ నీటిని పైకి తోస్తాయన్నారు. 1923లో దాని మీద ఒక పుస్తకమే రాశారు. వృక్షశాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. వాళ్ళకు గట్టి కారణమే ఉంది. జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ 1891 నాటికే పొడవైన చెట్టు కాండాలను విష ద్రావణంలో నిలబెట్టి, కణాలు చచ్చిపోయినా నీరు పైకి ఎక్కుతూనే ఉందని చూపించారు. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు మిత్రులు అసలు వివరణ ఇచ్చారు. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతుంటే, కిందనున్న నీటి స్తంభం సన్నని గొట్టాల్లో తాడులా పైకి లాగబడుతుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం వల్ల ఆ తాడు తెగదు. నేటి పాఠ్యపుస్తకాల్లో ఉన్నది ఆ వివరణే.

చూడండి, ఎంత తమాషాగా ఉందో. భౌతికశాస్త్రవేత్త బోస్ అక్కడ ప్రాణాన్ని చూశారు. వృక్షశాస్త్రజ్ఞులు అక్కడ భౌతికశాస్త్రాన్ని చూశారు. వాళ్ళదే సరైంది. లోహం నుంచి మనిషి దాకా ఒకే సూత్రం ఉందన్న తన నమ్మకాన్ని బోస్ ఒక్కచోట కూడా వదులుకోలేకపోయారు. పరికరం చెప్పినదానికన్నా ఆ నమ్మకం కొంచెం ముందు నడిచింది.

అలాగని అత్తిపత్తి విషయంలో ఆయన ఓడిపోలేదు. ఆయన తదనంతరం మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ఉన్నాయని ఎందరో చూపించారు. ఆవ జాతికి చెందిన ఒక చిన్న మొక్కలో, ఒక ఆకును పురుగు కొరికితే కొద్ది నిమిషాల్లోనే ఆ కబురు దూరపు ఆకులకు చేరడం 2018లో మెరిసే రంగు సాయంతో కళ్ళకు కట్టినట్టు చూశారు. మొక్కకు నరాలు లేవు. కబురు పంపే ఏర్పాటు మాత్రం ఉంది.

ఆయన 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. వారం ఆగితే 79 ఏళ్ళు నిండేవి.

నా తప్పు

ఇప్పుడు నా సంగతి. ఆరేళ్ళ క్రితం నూజివీడు పక్కన ఒక మామిడితోటలో నీటి పొదుపు పనికి మా బృందం పరికరాలు పెట్టింది. చెట్టు మొదలు లావును మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే సెన్సరు నేనే అమర్చాను. రోజూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కొలత తగ్గేది, రాత్రికి మళ్ళీ పెరిగేది. నా అనుభవం వెంటనే జవాబు చెప్పింది. ఎండకు లోహపు బిగింపు వ్యాకోచిస్తోంది, అది కొలతలో కనబడుతోంది. ఉష్ణోగ్రతను బట్టి దిద్దుబాటు రాసి ప్రోగ్రాంలో పెట్టాను. గీత చక్కగా చదునైపోయింది. నా పనికి నేనే మురిసిపోయాను.

మూడు వారాల తరువాత వ్యవసాయశాస్త్రం చదివిన ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. గీత చూసి, పగటిపూట చెట్టు సన్నబడటం ఏమైంది సార్ అని అడిగింది. సన్నబడింది బిగింపు కాదు, చెట్టే. ఎండలో ఆకులు నీటిని లాగుతుంటే కాండం నిజంగానే కాస్త కుంచించుకుపోతుందట. రాత్రికి తేరుకుంటుందట. తేరుకోకపోతే చెట్టు దాహంతో ఉన్నట్టు. డిక్సన్, జోలీ చెప్పిన ఆ తాడు లాగుడునే నా సెన్సరు రోజూ కొలుస్తోంది. నేను దాన్ని దోషం అనుకుని చెరిపేశాను. ఆ మూడు వారాలూ రైతు నీళ్ళు పెట్టింది నా చదును గీత చూసి. ఆ ఏడాది ఆ తోటలో పిందె బాగా రాలింది. వేరే కారణాలు కూడా ఉండి ఉంటాయని ఆయన పెద్దమనసుతో అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పరికరం తప్పు కొలవలేదు. నేనే తప్పు చదివాను.

ఆ తరువాతే తమ్ముడి దగ్గర మిగిలిన పుస్తకాలు ఏమైనా ఉన్నాయేమోనని అడిగాను. ఎప్పుడో పాత కాగితాలవాడికి వేశాడట. కొత్తవి కొనుక్కున్నాను. రెండేళ్ళు ఆ అమ్మాయి దగ్గర పాఠాలు చెప్పించుకున్నాను. ఆమె నా దగ్గర సెన్సర్లు నేర్చుకుంది.

అప్పుడే డబ్లిన్ మిత్రుల గురించి ఇంకొంచెం చదివాను. డిక్సన్ వృక్షశాస్త్రజ్ఞుడు. జోలీ చదివింది ఇంజనీరింగు. ఆ తరువాత కూడా ఇలాంటి జంటలే కనిపిస్తాయి. బాక్టీరియా జన్యువుల మీద 1943లో కలిసి పనిచేసిన డెల్‌బ్రూక్ భౌతికశాస్త్రవేత్త, లూరియా వైద్యుడు. డీఎన్‌ఏ నిర్మాణం చెప్పిన క్రిక్ భౌతికశాస్త్రం నుంచి, వాట్సన్ జంతుశాస్త్రం నుంచి వచ్చారు. బోస్‌కు డబ్బు, రాత, ధైర్యం ఇచ్చిన స్నేహితులు ఉన్నారు. ఎదురుగా కూర్చుని ఇక్కడ పొరబడుతున్నావని చెప్పగల వృక్షశాస్త్రజ్ఞుడైన స్నేహితుడు మాత్రం నాకు కనబడలేదు. మొదట్లోనే తలుపు మూసిన పెద్దలది అందులో సగం బాధ్యత. ఒకసారి అన్యాయంగా కాదనిపించుకున్న మనిషికి, తరువాత న్యాయంగా కాదన్న మాట కూడా చెవికెక్కడం కష్టం.

అందుకని నా జవాబు ఇది. భౌతికశాస్త్రం చదివినవాళ్ళు, ఇంజనీర్లు జీవశాస్త్రంలోకి తప్పకుండా వెళ్ళాలి. వాళ్ళు వెళ్ళకపోతే ఆ రంగానికి క్రెస్కోగ్రాఫ్ లాంటి పరికరం రాదు. కానీ మేష్టరులా వెళ్ళకూడదు, మొదటి బెంచీలో కూర్చునే పిల్లవాడిలా వెళ్ళాలి. ఆ ఇంట్లోవాళ్ళు కూడా, వచ్చినవాడి చేతిలో పరికరం ఒక్కటే లాక్కోకుండా, కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా బడికి కొత్త సైన్సు ప్రయోగశాల కట్టించాలని మన సంఘంలో మాట అనుకుంటున్నాం. నా వంతు చందా నేను ఇస్తాను. ఒక్కటే మనవి. పి.ఎస్.కు, ఎన్.ఎస్.కు రెండు గదులు వద్దు, మధ్యలో గోడ లేకుండా ఒకే పెద్ద గది కట్టండి. ఒక బల్ల మీద ఆక్సనోమీటరు పెట్టండి. ఏడాదికి ఒక్కసారైనా ఇద్దరు ఉపాధ్యాయులూ ఆ బల్ల దగ్గర కలిసి పాఠం చెప్పాలని నియమం పెట్టండి. కప్పీకి నూనె వేయడానికి నేను వస్తాను.